భేషజం: మందు పేరు పైపై పెద్దరికానికి ఎలా వచ్చింది?

ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "పురుష సూక్తానికి ముందు చదివే శాంతి మంత్రంలో 'ఊర్ధ్వం జిగాతు భేషజమ్' అని వస్తుంది. మన మాటల్లో భేషజం అంటే లేని పెద్దరికం చూపించడం, పైపై దర్పం. అది పైకి రావాలని మంత్రంలో కోరుకోవడమేమిటి? ఇవి రెండూ ఒకే మాటా? ఒకటే అయితే అర్థం ఎక్కడ మారింది?"

మీకు వచ్చిన అనుమానం చాలా సరైనది. రెండూ ఒకే మాట. మంత్రంలో ఉన్నది దాని పాత అర్థం, మన నోట ఉన్నది తెలుగులో వచ్చిన కొత్త అర్థం. పాత అర్థం మందు, ఔషధం. రోగాన్ని పోగొట్టేది పైపైకి సాగాలని ఆ మంత్రం కోరుతోంది. దాని వెంటనే వచ్చే మాటలు చూడండి: "శం నో అస్తు ద్విపదే, శం చతుష్పదే". రెండు కాళ్ల జీవాలకూ, నాలుగు కాళ్ల జీవాలకూ మేలు జరగాలి అని. మనుషులూ పశువులూ చల్లగా ఉండాలని అడిగే చోట మందు మాట రావడం సహజమే కదా. ఇకపై ఆ మంత్రం చదివేటప్పుడు వాడుక అర్థాన్ని మనసులోకి రానివ్వనక్కర్లేదు.

సంస్కృతంలో ఈ మాటది పెద్ద కుటుంబం. భిషక్ అంటే వైద్యుడు. వైద్యులను గౌరవంగా భిషగ్వరులు అనడం మీరు వినే ఉంటారు. భేషజం, భైషజ్యం అంటే మందు. ఋగ్వేదంలో "అప్సు మే సోమో అబ్రవీదంతర్విశ్వాని భేషజా" అని ఉంది. నీళ్లలో అన్ని మందులూ ఉన్నాయని సోముడు నాకు చెప్పాడు అని అర్థం. అదే వేదం రుద్రుణ్ణి "భిషక్తమం త్వా భిషజాం శృణోమి" అంటుంది. వైద్యులందరిలోకీ గొప్ప వైద్యుడివని విన్నాను అని. విష్ణు సహస్రనామంలో "నిర్వాణం భేషజం భిషక్" అని వస్తుంది. శంకర భాష్యం లెక్కలో 578వ నామం భేషజం, 579వది భిషక్. మందూ ఆయనే, వైద్యుడూ ఆయనే. పారాయణ చేసేవాళ్లలో చాలామంది ఈ పాదం దగ్గర మీలాగే ఒక్క క్షణం ఆగుతారని నాకు తెలుసు. నన్ను ఈ పాదం గురించి అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు.

ఈ కుటుంబం మన దేశంతో ఆగలేదు. ఇరాన్ పాత భాష అవెస్తాలో "బఏషజ" అంటే మందు. నేటి పార్సీలో వైద్యుణ్ణి "పెజెష్క్" అంటారు, అదీ మన భిషక్కుకు చుట్టమే. బౌద్ధులు రోగాలు తీర్చే బుద్ధుణ్ణి భైషజ్యగురువు అని కొలుస్తారు. మన ఆయుర్వేద కాలేజీల్లో మందులు తయారుచేసే విద్యను ఈరోజుకీ "భైషజ్య కల్పన" అనే పేరుతోనే చెబుతున్నారు. పండితుల సంప్రదాయం ఈ మాటను విడదీసి చెప్పే తీరు కూడా బాగుంటుంది. భేషం అంటే భయం, ఇక్కడ రోగభయం. దాన్ని జయించేది భేషజం.

మరి సంస్కృతంలో ఎక్కడైనా దీనికి నటన, కపటం అన్న అర్థం ఉందా? దీన్ని తేల్చుకోవడానికి ఒకే అర్థం ఉన్న సంస్కృత పదాలను ఒకచోట కూర్చిన నిఘంటువు, అమరకోశం చాలు. మందుల పేర్లు చెప్పే చోట అమరసింహుడు "భేషజౌషధభైషజ్యాన్యగదో జాయురిత్యపి" అంటాడు. భేషజం, ఔషధం, భైషజ్యం, అగదం, జాయువు, ఈ ఐదూ మందు పేర్లే. కపటానికి పేర్లు చెప్పేది వేరే చోట: "కపటోఽస్త్రీ వ్యాజదంభోపధయశ్ఛద్మకైతవే". కపటం, వ్యాజం, దంభం, ఉపధి, ఛద్మం, కైతవం. ఈ వరసలో భేషజం లేదు. అంటే ఆ అర్థం సంస్కృతం నుంచి మనకు రాలేదు. మాట అక్కడిది, మనం వాడే అర్థం మనది.

నేను పాతికేళ్లుగా తెలుగు ప్రూఫులు దిద్దే పనిలో ఉన్నాను. ఈ మాట ఎంత పూర్తిగా తెలుగైపోయిందో నాకు ఒక వాక్యం దగ్గర అర్థమైంది. ఆరోగ్యం పేజీకి హిందీ నుంచి తెలుగు చేసిన వ్యాసం ఒకటి వచ్చింది. హిందీలో భేషజ్ అంటే ఇప్పటికీ మందే. మన దేశంలో మందులకు ప్రమాణాలు చెప్పే ఇండియన్ ఫార్మకోపియాను హిందీలో "భారతీయ భేషజ్ సంహితా" అంటారు. అనువాదం చేసిన అతను ఆ మాటను అలాగే ఉంచి, "నాణ్యత లేని భేషజాలను వెనక్కి తీసుకోవాలని ఆదేశించారు" అని రాశాడు. వ్యాకరణం ప్రకారం తప్పులేదు. నేను పెన్సిలుతో "భేషజాలను" కొట్టేసి పైన "మందులను" అని రాశాను. అతను కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. కోశం ప్రకారం తను రాసింది సరైనదేనన్నాడు. నేను కాదనలేదు. పక్క బల్ల మీద టైపు చేస్తున్న అమ్మాయిని పిలిచి ఆ వాక్యం పైకి చదవమన్నాను. చదివి, "ఎవరికి సార్ భేషజాలు, కంపెనీ వాళ్లకా?" అని అడిగింది. అతను ఇంకేం మాట్లాడకుండా కాగితం తీసుకుని వెళ్లి దిద్దుకొచ్చాడు. కోశంలో ఉన్న అర్థం ఒకటి, చదివేవాళ్ల మనసులో ఉన్నది ఇంకొకటి. పత్రికలో రెండోదే నెగ్గాలి.

ఇప్పుడు తెలుగు అర్థం దగ్గరికి వద్దాం. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నిఘంటువులు దీన్ని "దర్పం, డాంబికం, పైపై నటన" అని ఒకే గాటన కట్టేస్తుంటాయి. వాడుకలో దీని రంగు వేరు.

ఇద్దరు అన్నదమ్ములు. ఏదో చిన్న మాట దగ్గర తేడా వచ్చింది. ఆరు నెలలైంది, మాటల్లేవు. అన్న పెట్టిన వాట్సాప్ స్టేటస్ తమ్ముడు రోజూ చూస్తాడు. తను చూసినట్టు అన్నకు కనిపిస్తుందని కూడా తెలుసు. అన్న ఒకటి రెండుసార్లు తమ్ముడి నంబరు తీసి, కాల్ నొక్కబోయి, ఫోను బోర్లా పెట్టేశాడు. "ముందు వాడే చెయ్యనీ. పెద్దవాణ్ణి, నేనెందుకు తగ్గాలి?" ఇద్దరికీ కోపం ఎప్పుడో పోయింది. మాట్లాడాలనే ఉంది. అయినా ఆ ఒక్క కాల్ జరగదు. వీళ్ల గురించి ఇంట్లోవాళ్లు ఏమంటారు? "ఇద్దరికీ భేషజం అడ్డొస్తోంది" అంటారు.

ఆ వాక్యంలో భేషజం తీసేసి డాంబికం పెట్టి చూడండి. "ఇద్దరికీ డాంబికం అడ్డొస్తోంది." అతకదు. ఆడంబరం పెట్టండి, బడాయి పెట్టండి, నటన పెట్టండి. ఏదీ నిలబడదు. నేను ఏ మాట అర్థమైనా ఇలాగే తేల్చుకుంటాను. దాని చోట దగ్గరి మాటలు ఒక్కొక్కటే పెట్టి చూస్తే, ఏది ఎక్కడ విరిగిపోతుందో అక్కడ అసలు అర్థం బయటపడుతుంది. డాంబికం లేనిదాన్ని ఉన్నట్టు చూపిస్తుంది. భేషజం లోపల ఉన్నదాన్ని లేనట్టు దాచుతుంది. అవసరం ఉంటుంది, లేనట్టు ఉంటాం. ప్రేమ ఉంటుంది, లేనట్టు ఉంటాం. తెలియకపోవడం ఉంటుంది, తెలిసినట్టు తలూపుతాం. దాచేది తన స్థాయి తగ్గుతుందన్న భయంతో. అందుకే అది పూర్తిగా గర్వమూ కాదు, పూర్తిగా అబద్ధమూ కాదు.

మొహమాటంతో కూడా దీన్ని కలిపేస్తుంటారు. ఒక్క ఉదాహరణతో రెండూ విడిపోతాయి. అప్పు ఇచ్చినవాడు, తనకు అవసరం వచ్చినా తిరిగి అడగలేకపోతే అది మొహమాటం. ఎదుటివాడు నొచ్చుకుంటాడేమో అన్న ఆలోచన అందులో ఉంది. డబ్బు అవసరమై కూడా, "ఏమైనా సర్దమంటావా?" అని స్నేహితుడు తనంతట తానే అడిగినప్పుడు "అబ్బే, నాకేం ఇబ్బంది లేదు" అనడం భేషజం. అందులో తన పరువు గురించిన ఆలోచనే ఉంది.

ఈ మాట ఏ క్రియతో కలుస్తుందో గమనించారా? నటన చేస్తారు, వేషం వేస్తారు, గొప్పలు కొడతారు. భేషజం మాత్రం చేయరు, వేయరు, కొట్టరు. భేషజానికి పోతారు. పంతానికి పోవడం, పరువుకు పోవడం అన్నట్టే. పక్కన పెట్టాల్సినదీ, వదులుకోవాల్సినదీ కూడా ఇదే. "భేషజాలకు పోకుండా చర్చలకు పిలవాలి" అని పత్రికల్లో తరచూ కనిపించే వాక్యం ఇందుకే అంత సరిగ్గా అతుకుతుంది. చర్చలు కావాలని రెండు వైపులా ఉంది, ముందు అడిగితే చులకనైపోతామని ఎవరూ అడగడం లేదు. అన్నదమ్ముల కథే అది.

సరే, మందు పేరు ఇక్కడికి ఎలా చేరింది? నేను చాలాకాలం దీన్ని పట్టుకుని తిరిగాను. నాకు కుదురుగా తోచిన దారి చెబుతాను. ఇది నా వాదనగానే తీసుకోండి.

ఉపచారం అనే మాట చూడండి. సంస్కృతంలో దాని అసలు అర్థం దగ్గరుండి సేవ చేయడం. రోగికి చేస్తే అది చికిత్స, మనం శైత్యోపచారాలు అంటాం. హిందీలో ఉపచార్ అంటే నేటికీ చికిత్సే. అదే సేవ వచ్చినవాళ్లకు చేస్తే మర్యాద. దేవుడికి చేస్తే పూజ, షోడశోపచారాలు అంటే ఆ 16 మర్యాదలే. మర్యాద రోజూ చేసేదైతే కొన్నాళ్లకు లాంఛనమవుతుంది. హిందీలో "ఔపచారిక్" అంటే లాంఛనప్రాయమైనది అనే. లాంఛనంలో మనసు లేకపోతే అది పైపై మాట. చికిత్స, సేవ, మర్యాద, లాంఛనం, పైపూత. ఒకే మాట ఈ మెట్లన్నీ దిగింది.

చివరి మెట్టు సంస్కృతంలోనే ఉంది. కాళిదాసు కావ్యం కుమారసంభవం నాలుగో సర్గలో, శివుడి కంటి మంటకు మన్మథుడు బూడిదైపోయాక రతి ఏడుస్తూ అంటుంది:

"హృదయే వససీతి మత్ప్రియం యదవోచస్తదవైమి కైతవమ్
ఉపచారపదం న చేదిదం త్వమనంగః కథమక్షతా రతిః"

"నువ్వు నా గుండెల్లో ఉన్నావని నన్ను మురిపించడానికి చెప్పావు. అది కైతవమని ఇప్పుడు తెలిసింది. అది ఉపచారపు మాట కాకపోతే, నీకు ఒళ్లే లేకుండా పోయాక ఈ రతి చెక్కుచెదరకుండా ఎలా ఉంది?" అని. ఎంత దుఃఖంలో ఎంత లెక్కగా మాట్లాడుతోందో చూడండి. గుండెల్లో ఉన్నదాన్నయితే నీతోపాటే కాలిపోవాలి కదా, అని. ఉపచారం, కైతవం ఇక్కడ పక్కపక్కనే ఉన్నాయి. రోగికి చేసే సేవ పేరూ, మనసులో లేని మాట పేరూ ఒకటే అయిపోయాయి. కైతవం సంగతి కూడా చెప్పి ముందుకు వెళ్తాను. కితవుడు అంటే జూదరి, జూదరి చేసేది కైతవం.

భేషజం కూడా తెలుగులో ఇవే మెట్లు దిగిందని నా నమ్మకం. దీనికి వాడుకలోనే ఆనవాళ్లున్నాయి. మొదటిది బహువచనం. మందు అన్న అర్థం పోయాక కూడా మనం "భేషజాలు" అని బహువచనంలో ఎక్కువగా అంటాం. ఉపచారాలు, మర్యాదలు, లాంఛనాలు అన్నట్టే. గర్వాలు, దర్పాలు అని అంతగా అనం. రెండోది, "మన మధ్య భేషజాలు ఎందుకు?" అనే మాట. దీని అర్థం మన మధ్య గొప్పలు ఎందుకని కాదు. మన మధ్య లాంఛనాలు ఎందుకు, చనువుగా ఉందాం అని. భేషజానికి ఎదురు మాట అణకువ అయి ఉంటే ఇది దర్పం నుంచి వచ్చిందనుకోవచ్చు. దీని ఎదురు మాట చనువు. అక్కడే మర్యాద వాసన పట్టిచ్చేస్తోంది.

ఇంకో దారి కూడా ఉంది, అది వేషం వైపు నుంచి. సంస్కృత వేషం హిందీలో "భేస్" అవుతుంది, దానికి "భేష్" అన్న రూపమూ ఉంది. ఆ భేష్ నుంచి భేషజం పుట్టిందనో, కనీసం ఆ ధ్వని పోలిక వల్ల మందు మాటకు వేషం అర్థం అంటుకుందనో అనవచ్చు. వినడానికి సులువుగా ఉంటుంది. నన్ను ఆపేది ఒక్కటే. వేషం నుంచి పుట్టిన మాటైతే దాని కేంద్రంలో మారువేషం, మోసం ఉండాలి. మోసగాణ్ణి మనం ఎప్పుడూ "భేషజం ఉన్నవాడు" అనం. "దొంగ వేషాలు" అంటాం, "దొంగ భేషజాలు" అనం. కాబట్టి ఆ పోలిక కొంచెం సాయం చేసి ఉండొచ్చు గానీ, అసలు దారి ఉపచారానిదే అని నాకు అనిపిస్తుంది. ఇక మెచ్చుకునేటప్పుడు అనే "భేష్!"తో దీనికి చుట్టరికం కలపకండి. ఆ మాట పార్సీ "బేష్" నుంచి వచ్చింది, ఎక్కువ, మేలైన అని దాని అర్థం.

అర్థం ఇంతగా తిరగడం వింతగా అనిపిస్తే, మన నోట రోజూ తిరిగే ఇంకో మాట చెబుతాను. రాద్ధాంతం. "ఎందుకంత రాద్ధాంతం చేస్తావు?" అంటే అనవసరపు రచ్చ అని. అమరకోశంలో "సమౌ సిద్ధాంతరాద్ధాంతౌ" అని ఉంది. సిద్ధాంతం, రాద్ధాంతం రెండూ సమానమే, వాదించి తేల్చిన నిర్ణయం అని. తేల్చినదాని పేరు మన దగ్గర తేలని గొడవకు పేరైంది. ఆగ్రహం సంస్కృతంలో పట్టుదల, మనకు కోపం. ఆడంబరం అంటే కోశం తూర్యాల మోత, ఏనుగుల ఘీంకారం అని చెబుతుంది, మనకు అది హంగు. దంభం ఒక్కటి మాత్రం పెద్దగా మారకుండా వచ్చింది. గీత ఆసుర గుణాలు లెక్కపెడుతూ "దంభో దర్పోఽభిమానశ్చ" అని దాంతోనే మొదలుపెడుతుంది. ఆ దాంభికమే మన నోట డాంబికం అయింది, శబ్దం మారినా అర్థం అలాగే నిలిచింది. అమరకోశంలో దంభం పక్కనే ఉన్న వ్యాజం తెలుగులో దాదాపు వాడుక తప్పిపోయి, కాదనే రూపంలో మిగిలింది. అవ్యాజమైన ప్రేమ అంటే ఏ నెపమూ, ఏ నటనా లేని ప్రేమ.

కొందరు అడిగే మాట ఒకటుంది: "అయితే తెలుగు వాడుక తప్పేనా? మందు అర్థానికి తిరిగి వెళ్లాలా?" నా సమాధానం, వెళ్లొద్దు. ఆ అన్నదమ్ముల మధ్య ఉన్నదానికి తెలుగులో ఇంకో మాట లేదు. దాన్ని తప్పని కొట్టేస్తే మనకు ఒక భావం పేరు లేకుండా పోతుంది. మందుకు మందు ఉంది, ఔషధం ఉంది.

రాసేటప్పుడు భేషజం అనే రాయండి. బేషజం, భేశజం అని రాసినవి ప్రూఫుల్లో నాకు వారానికి ఒకటైనా తగులుతాయి. మొదటి అక్షరానికి ఒత్తు ఉండాలి, రెండోది షకారం. ఆయుర్వేదం గురించో, స్తోత్రానికి వ్యాఖ్యానమో రాస్తూ పాత అర్థంలో వాడాల్సి వస్తే, మొదటిసారి వచ్చిన చోట "భేషజం, అంటే మందు" అని ఒక్క ముక్క చేర్చండి. మీలాంటి అనుమానం వచ్చినవాళ్లకు అక్కడే జవాబు దొరుకుతుంది.